పగిలిన టైల్స్‌కు పని చెప్పిన గౌడీ



ఇంట్లో పింగాణీ కప్పు కింద పడి పగిలితే మీరు మొదట ఏం చేస్తారు? పిల్లల్ని దూరంగా ఉండమని కేకేస్తారు. చీపురు తెచ్చి ముక్కలన్నీ ఊడ్చి, పాత పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేస్తారు. ఆ తర్వాత పగలగొట్టింది ఎవరనే విచారణ మొదలవుతుంది. ఇది ప్రతి ఇంట్లో జరిగేదే.

అలాంటి ముక్కల్నే ఏరి తెప్పించుకుని, వాటితో ఒక నగరం రూపురేఖల్నే మార్చిన మనిషి గురించి ఈ నెల మీకు చెప్పబోతున్నాం. ఆయన ఆంటోని గౌడీ. స్పెయిన్ దేశంలో, కాటలోనియా ప్రాంతంలో పుట్టిన ఆర్కిటెక్ట్. బార్సిలోనా వెళ్లొచ్చిన వాళ్ల ఫోటోల్లో రంగురంగుల పెంకు ముక్కలు అతికిన వంకర బెంచీ, నోరు తెరిచిన బల్లిలాంటి బొమ్మ మీరు చూసే ఉంటారు. అవి ఆయన కట్టిన పార్కులోవే. ఆయన కథ చదివాక, అదే పద్ధతిలో ఈ సెలవుల్లో మీ బాబుతోనో పాపతోనో కలిసి పిట్టలు నీళ్లు తాగే తొట్టి ఒకటి ఎలా చేయవచ్చో కూడా చివర్లో చెబుతాం. ముందు కథ.

కంచర పనివాడి ఇంట్లో

గౌడీ 1852 జూన్ 25న పుట్టాడు. తండ్రి రాగి రేకుతో పాత్రలు, బాయిలర్లు చేసే పనివాడు. మన దగ్గర కంచరివాళ్లు చేసే పని లాంటిదే. ఐదుగురు పిల్లల్లో గౌడీ చివరివాడు. వాళ్లలో ఇద్దరు చిన్నప్పుడే చనిపోయారు. మిగిలిన ముగ్గురిలో ఈ కడగొట్టు పిల్లవాడి ఆరోగ్యమూ అంతంత మాత్రమే. చిన్న వయసులోనే కీళ్లనొప్పులు పట్టుకున్నాయి. ఒక్కోసారి నడవలేక గాడిద మీద కూర్చోబెట్టి తీసుకెళ్లాల్సి వచ్చేది. తోటి పిల్లలతో పరుగులు, ఆటలు లేవు.

ఆడలేని పిల్లవాడు ఏం చేస్తాడు? చూస్తూ కూర్చుంటాడు. రియుదోమ్స్ అనే పల్లెలో వాళ్లకు ఒక ఇల్లు ఉండేది. అక్కడ చెట్లు, రాళ్లు, నత్తగుల్లలు, పురుగులు, పక్షులు, వీటన్నిటినీ గంటల కొద్దీ గమనించడం అతనికి అలవాటైంది. పట్నంలో తండ్రి పనిచేసే చోటు అతనికి రెండో బడి. చదునుగా ఉన్న రాగి రేకు సుత్తి దెబ్బలకు మెల్లగా వంగి, గుండ్రమై, లోపల ఖాళీతో ఒక పాత్రగా మారడం రోజూ కళ్లెదుటే జరిగేది. కాగితం మీద గీసుకోకుండానే ఒక వస్తువు ఆకారాన్ని మనసులో నలువైపుల నుంచీ చూడగలగడం ఆ కార్ఖానాలోనే అబ్బిందని పెద్దయ్యాక ఆయనే నమ్మేవారు.

ఏ మార్కుల జాబితాలోనూ లేని చదువు అది. దాని విలువ అప్పట్లో ఎవరికీ తెలియదు. బహుశా ఆ తండ్రికి కూడా.

మార్కులు మామూలే

1868లో పై చదువుల కోసం బార్సిలోనా చేరాడు. తర్వాత ఆర్కిటెక్చర్ స్కూల్లో సీటు వచ్చింది. డబ్బు చాలక, చదువుకుంటూనే పేరున్న ఆర్కిటెక్టుల దగ్గర డ్రాయింగులు గీసే పనికి కుదిరాడు. పగలు క్లాసులు, మిగతా సమయమంతా పని. మార్కులు మామూలుగా వచ్చేవి. కొన్ని సబ్జెక్టులు తప్పాడు కూడా.

ఆ చదువు మధ్యలోనే, 1876లో, ఇంటి మీద పిడుగు పడింది. డాక్టర్ చదువు ముగించిన అన్న పాతికేళ్ల వయసులో చనిపోయాడు. రెండు నెలలు తిరగకుండానే తల్లి కూడా పోయింది. మూడేళ్లకు అక్క చనిపోయింది, చిన్నపిల్లను వదిలేసి. ఇక మిగిలింది వృద్ధుడైన తండ్రి, తల్లిలేని మేనకోడలు, గౌడీ. ఈ ముగ్గురూ ఆ తర్వాత చాలా ఏళ్లు ఒకే ఇంట్లో బతికారు. గౌడీ పెళ్లి చేసుకోలేదు.

1878లో ఆర్కిటెక్టుగా పట్టా వచ్చింది. దాన్ని చేతికిచ్చిన డైరెక్టరుకు ఈ కుర్రాడిని ఏ కోవలో వేయాలో అర్థం కాలేదట. తెలివైనవాడో తిక్కవాడో తేల్చుకోలేకపోయారని చెబుతారు.

అదే ఏడాది పారిస్‌లో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. చేతి తొడుగులు అమ్మే ఒక వ్యాపారి తన సరుకు పెట్టుకోవడానికి ఒక అద్దాల బీరువా చేయించుకున్నాడు. దాన్ని డిజైన్ చేసింది గౌడీ. ఎగ్జిబిషన్ చూడటానికి వచ్చిన యుసేబీ గ్వెల్ అనే పారిశ్రామికవేత్త తొడుగుల్ని పక్కనపెట్టి బీరువా వంక చూశారు. చేసినవాడెవరో ఆరా తీసి పరిచయం చేసుకున్నారు. ఆ స్నేహం గ్వెల్ చనిపోయే వరకూ, అంటే 40 ఏళ్లు నిలిచింది. ఒక చిన్న బీరువా పనిని చిన్న పనిలా చేయకపోవడం వల్ల వచ్చిన అదృష్టం అది.

బంతిపూల ఇల్లు

1883లో బార్సిలోనాలో కాసా విసెన్స్ అనే ఇంటి పని మొదలైంది. గౌడీ స్థలం చూడటానికి వెళ్లినప్పుడు అక్కడ ఒక పెద్ద తాటి జాతి చెట్టు, దాని చుట్టూ పచ్చగా పరుచుకున్న పూలు కనిపించాయి. ఇల్లు కట్టాలంటే అవి పోక తప్పదు. అందుకే ఆయన చెట్టు ఆకుల్ని ఇనుములో పోత పోయించి ప్రహరీ చేశారు. పూలను టైల్స్ మీద వేయించి గోడల నిండా అతికించారు. ఆ టైల్స్ ఫోటో ఎక్కడైనా దొరికితే మీ పిల్లలకు చూపించండి. చూడగానే గుర్తుపడతారు. మన గుమ్మాలకు కట్టే బంతిపూలే అవి.

ఆ ఇంటి గోడలు నిటారుగా, చదునుగా ఉన్నాయి. నిండు టైల్స్ చక్కగా కుదిరాయి. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది.

వంపు దగ్గర వచ్చిన చిక్కు

గౌడీకి చిన్నప్పటి నుంచీ ప్రకృతిలో కనిపించిన ఆకారాలేవీ పెట్టెల్లా లేవు. కొమ్మ వంగి ఉంటుంది. గుల్ల మెలిక తిరిగి ఉంటుంది. కొండ ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందుకే ఆయన కట్టే పైకప్పులు, గోపురాలు, పొగగొట్టాలు క్రమంగా వంపులు తిరగడం మొదలుపెట్టాయి. కానీ టైల్ మాత్రం చదునుగా, నలుచదరంగానే వస్తుంది. గుండ్రటి గోపురం మీద నిండు టైల్ పెట్టి చూడండి. మధ్యలో ఆనుతుంది, అంచులు గాలిలో లేస్తాయి. బలవంతంగా నొక్కితే పగులుతుంది.

అయితే పగలగొట్టే అతికిద్దాం అనుకున్నారు గౌడీ. ముక్క ఎంత చిన్నదైతే వంపు మీద అంత చక్కగా కూర్చుంటుంది. 1884 నుంచి 1887 వరకు గ్వెల్ తోటలో కట్టిన ద్వారం, గుర్రపుశాల భవనాల మీద ఆయన ఈ పద్ధతిని మొదటిసారి వాడారు. కాటలన్ భాషలో దీన్ని త్రెంకదీస్ అంటారు. పగలడం అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చిన పేరు అది.

ముక్కల్ని అతికి బొమ్మలు చేయడం గౌడీ కనిపెట్టింది కాదు. రోమన్ల కాలంలోనే మొజాయిక్ ఉంది. కానీ అక్కడ రాయిని ముందే పని కోసం చిన్న చిన్న ఘనాలుగా కోసి, వరసగా పేర్చేవారు. గౌడీ పద్ధతిలో ముక్క ఎలా పగిలితే అలాగే వాడాలి. ఏ ముక్కా ఇంకో ముక్కలా ఉండదు. ఒకదాని పక్కన ఏది కుదురుతుందో చేతిలో పట్టుకుని, తిప్పి చూసి పెట్టాల్సిందే. దీనివల్ల ఇంకో లాభం కూడా వచ్చింది. టైల్స్ ఫ్యాక్టరీల్లో రంగు తేడా వచ్చిందనో అంచు విరిగిందనో పక్కన పడేసిన సరుకు గుట్టలుగా ఉండేది. ఆ సరుకంతా ఆయనకు పనికొచ్చింది. చేతిలో గ్వెల్ లాంటి సంపన్నుడు ఉన్నా, గౌడీ పనివాళ్లు చెత్త కోసమే ఫ్యాక్టరీల వెంట తిరిగారు.

1890 నాటికి పూర్తయిన గ్వెల్ భవంతి మీద పొగగొట్టాలు కూడా ఇలాగే రంగులు తొడుక్కున్నాయి. కిందున్న వీధి నుంచి చూసేవాళ్లకు అవి సరిగా కనిపించవు. ఆకాశంలో పక్షులకే బాగా కనిపిస్తాయి. అయినా ఆయన వాటిని వదిలిపెట్టలేదు.

బోడికొండ మీద వెంచర్

1900లో గ్వెల్ ఒక పెద్ద ఆలోచనతో వచ్చారు. బార్సిలోనా శివార్లలో ఒక ఎండు కొండ ఉంది. స్థానికులు దాన్ని పిలిచే పేరును తెలుగులో చెప్పాలంటే బోడికొండ. దాని మీద 60 ప్లాట్లతో లేఅవుట్ వేసి సంపన్నులకు అమ్మాలని ఆయన అనుకున్నారు. చుట్టూ ప్రహరీ, గేటు, కాపలా, లోపల తోట, సంత. ఇప్పుడు మన నగరాల చుట్టూ కనిపించే గేటెడ్ కమ్యూనిటీ లాంటిదే.

గౌడీ కొండను చదును చేయలేదు. దారుల్నే కొండ వంపుల వెంట తిప్పారు. అక్కడ దొరికిన రాళ్లతోనే గోడలు, వంతెనలు కట్టించారు. దారి పక్క గోడల్లో గూళ్లలాంటి రాతి కట్టడాలున్నాయి. వాటిని ఇప్పటికీ పక్షి గూళ్లనే పిలుస్తారు. ఎక్కువ నీరు అడగని మొక్కల్ని నాటించారు.

ఆ పొడి కొండ మీద ఆయన నీటిని ఎలా పట్టుకున్నారో చూడండి. పైన పెద్ద మైదానం. దానికి రాళ్లు పరచకుండా మట్టి నేలగానే ఉంచారు. వాన కురిస్తే నీరు ఇంకుతుంది. కింద రాళ్ల పొరల గుండా వడకట్టుకుంటూ దిగుతుంది. ఆ మైదానాన్ని మోస్తున్న 86 స్తంభాల్లో నీరు దిగడానికి గొట్టాలు అమర్చారు. నీరంతా అడుగున ఉన్న తొట్టిలో చేరుతుంది. అందులో 1,200 ఘనపు మీటర్లు, అంటే 12 లక్షల లీటర్లు పడతాయి. తొట్టి నిండితే మిగులు నీరు మెట్ల మధ్యనున్న రంగురంగుల బల్లి నోటి నుంచి బయటికొస్తుంది. ఫోటోల్లో అందరూ పక్కన నిలబడే ఆ బొమ్మ వాన నీటి సంరక్షణలో చివరి మెట్టు అన్నమాట. ముద్దొచ్చే ఆ బల్లి ఒళ్లంతా పగిలిన టైల్సే.

మైదానం అంచున పాములా మెలికలు తిరిగిన బెంచీ ఉంది. పొడవు దాదాపు 110 మీటర్లు. దాని ఆకారం మనిషి నడుముకు సరిపోవాలని ఒక పనివాణ్ని మెత్తటి ప్లాస్టరు మీద కూర్చోబెట్టి ముద్ర తీసుకున్నారని చెబుతారు. నిజమో కాదో గానీ, కూర్చున్నవాళ్లకు మాత్రం నడుము హాయిగా ఉంటుంది. వాన నీరు నిలవకుండా రంధ్రాలూ పెట్టారు.

దాని మీద టైల్ ముక్కలు అతికించే పనిని గౌడీ తనకన్నా 27 ఏళ్లు చిన్నవాడైన జుజోల్ అనే ఆర్కిటెక్టుకు అప్పగించారు. అప్పగించి పక్కకు తప్పుకున్నారు. ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలో జుజోల్ ఇష్టం. ఆయన ఫ్యాక్టరీ వ్యర్థాలతో ఆగలేదు. కింద స్తంభాల మధ్య పైకప్పులో పగిలిన ప్లేట్లు, కప్పులు, సీసాల అడుగు భాగాలు కూడా బిగించారు. ఇవాళ ఆ పార్కులో జనం ఎక్కువగా మెచ్చుకునే రంగులు చాలావరకు ఆ యువకుడి చేతివే. పేరు మాత్రం పెద్దాయనకే ఎక్కువగా వచ్చింది. పిల్లల ప్రాజెక్టులో మనం ఎంత వేలు పెడతామో గుర్తున్నవాళ్లకు, గౌడీ పక్కకు తప్పుకోవడం ఎంత కష్టమైన పనో తెలుస్తుంది.

ఇంతకీ వెంచర్ ఏమైంది? ఎవరూ కొనలేదు. ఊరికి దూరం, రాకపోకలకు ఇబ్బంది, షరతులు ఎక్కువ. 60 ప్లాట్లలో కొత్తగా లేచిన ఇళ్లు రెండే. వాటిలో ఒకటి, చూపించడానికి కట్టిన మోడల్ ఇల్లు. దాన్ని చివరికి 1906లో గౌడీయే కొనుక్కుని తండ్రిని, మేనకోడల్ని తీసుకుని చేరారు. మెట్లు ఎక్కలేని పెద్దవయసు తండ్రికి అక్కడ సుఖంగా ఉంటుందని ఆశ. కానీ ఆ ఏడాదే తండ్రి చనిపోయారు. 1912లో మేనకోడలు పోయింది. 1914లో పార్కు పని ఆగిపోయింది. 1918లో గ్వెల్ కన్నుమూశారు.

వ్యాపారంగా చూస్తే అది పూర్తిగా మునిగిన ప్రాజెక్టు. గ్వెల్ వారసుల నుంచి నగర పాలకులు దాన్ని కొని, 1926లో ప్రజల పార్కుగా తెరిచారు. 60 కుటుంబాల కోసం అనుకున్న చోటు ఊరందరిదీ అయింది. 1984లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మూడు గదుల బడి

తల్లిదండ్రులుగా మీకు చెప్పి తీరాల్సిన కట్టడం ఒకటుంది. గౌడీ 1883 నుంచి సగ్రాడా ఫమిలియా అనే మహా చర్చి పని చూస్తున్నారు. విరాళాలతో కట్టే గుడి అది. డబ్బు లేనప్పుడు పని ఆగేది. ఆయనే స్వయంగా చందాలు అడగడానికి వెళ్లేవారు. ఆ గుడి దగ్గర పనిచేసే కూలీల పిల్లలకు, చుట్టుపక్కల పేద పిల్లలకు బడి లేదు. 1909లో, గుడికి కేటాయించిన స్థలంలోనే, ఆయన ఒక చిన్న బడి కట్టారు. మూడే గదులు. ఖర్చు తక్కువ కావాలి, అయినా గట్టిగా నిలవాలి. అందుకే పలుచని ఇటుకల గోడల్ని, పైకప్పును అలల్లా వంచారు. కాగితాన్ని నిలబెడితే పడిపోతుంది, మడతలు పెట్టి నిలబెడితే నిలుస్తుంది కదా, అదే సూత్రం. తర్వాతి కాలంలో చండీగఢ్ నగరాన్ని తీర్చిదిద్దిన ల కార్బూజియే 1928లో బార్సిలోనా వెళ్లినప్పుడు ఆ చిన్న బడి పైకప్పును తన పుస్తకంలో గీసుకున్నారు.

ట్రామ్ కింద

అయినవాళ్లంతా పోయాక గౌడీ ప్రపంచం గుడి ఒక్కటే అయింది. శాకాహారం, అదీ కొద్దిగా. నలిగిన పాత కోటు. చివరి నెలల్లో ఇల్లు కూడా వదిలి గుడి ఆవరణలోని పనిగదికే మకాం మార్చారు. తాను బతికుండగా అది పూర్తికాదని ఆయనకు తెలుసు. తర్వాతి తరాలు కొనసాగించడానికి వీలుగా ప్లాస్టరుతో పెద్ద పెద్ద నమూనాలు చేయించి పెట్టారు. గంటల గోపురాల్లో ఒక్కటి మాత్రమే ఆయన కళ్లముందు పూర్తయింది. అది 1925లో.

1926 జూన్ 7 సాయంత్రం రోజూలాగే ప్రార్థనకు నడిచి వెళ్తుండగా ట్రామ్ గుద్దింది. ఆ బట్టల్లో చూసి బిచ్చగాడనుకున్నారు. జేబులో ఎవరో తెలిపే కాగితం లేదు. వెంటనే సాయం అందలేదు. చివరికి పేదల ఆసుపత్రికి చేర్చారు. మర్నాడు గుర్తుపట్టే సరికి ఆలస్యమైంది. జూన్ 10న, 73 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అంత్యక్రియలకు జనం వీధులు నిండా నిలబడ్డారు. తాను కడుతున్న గుడిలోనే, నేలమాళిగలో ఆయనను ఉంచారు.

కథ ఇక్కడితో అయిపోలేదు. పదేళ్లకు, 1936లో, స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. అల్లరిమూకలు గుడి ఆవరణలోకి చొరబడి పనిగదికి నిప్పుపెట్టాయి. డ్రాయింగులు కాలిపోయాయి. చిన్న బడీ కాలింది. ఏళ్ల తరబడి చేసిన ప్లాస్టరు నమూనాలు ముక్కలుముక్కలయ్యాయి. ఇక గుడి ఎలా ఉండాలో చెప్పేవాళ్లు లేరనుకున్నారు. అయితే గౌడీ దగ్గర పనిచేసినవాళ్లు ఆ శిథిలాల్లోంచి ముక్కల్ని ఏరి దాచారు. ఏది దేని పక్కన కుదురుతుందో చేతిలో తిప్పి చూసుకుంటూ, వాళ్లూ ఆ తర్వాత వచ్చినవాళ్లూ కొన్నేళ్ల పాటు వాటిని అతికారు. ఆ అతికిన నమూనాల్ని కొలిచే ఇప్పటి ఇంజినీర్లు గుడిని పైకి లేపారు. బడిని కూడా తిరిగి కట్టారు.

పగిలినదాన్ని పారేయకూడదని ఆయన చేతుల్లో పని నేర్చుకున్నవాళ్లు, చివరికి ఆయన పగిలిన కలనే ఏరుకొచ్చి అతికారు.

ఇప్పుడు మీ వంతు: పిట్టల తొట్టి

పరీక్షలు అయిపోయాయి. ఎండలు ముదురుతున్నాయి. గోరింకలు, పిచ్చుకలు, పికిలిపిట్టలు నీటి కోసం వెతుక్కునే రోజులివి. పెరడు లేకపోయినా పర్వాలేదు, బాల్కనీ, డాబా చాలు.

కావలసినవి: పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్లెం, 12 నుంచి 16 అంగుళాల వెడల్పు, లోతు రెండు అంగుళాలకు మించకూడదు. టైల్స్ షాపు వెనకో, కొత్తగా కడుతున్న ఇంటి దగ్గరో అడిగితే పగిలిన టైల్స్ ఊరికే ఇస్తారు. ఇంట్లో విరిగిన కప్పులు, ప్లేట్లు కూడా పనికొస్తాయి. గాజుల ముక్కలు, అద్దం ముక్కలు మాత్రం వద్దు. పిట్ట కాళ్లకు, పిల్లల వేళ్లకు గుచ్చుకుంటాయి. టైల్స్ అతికించే అడ్హెసివ్, సందులు నింపే గ్రౌట్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి.

పగలగొట్టడం పెద్దల పని. కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి. టైల్‌ను పాత తువ్వాలులో చుట్టి సుత్తితో కొట్టండి. ముక్కలు రూపాయి బిళ్ల అంత ఉంటే వంపు మీద బాగా కూర్చుంటాయి. పదునైన అంచుల్ని గరుకు కాగితంతో రుద్దండి.

అమర్చడం పిల్లల పని. పళ్లెం అంత గుండ్రాన్ని పేపరు మీద గీసి, ముక్కల్ని ముందు దాని మీద పేర్చమనండి. చేపో, పువ్వో, ఏ బొమ్మా లేని రంగుల కలగాపులగమో, వాళ్లిష్టం. మీకు నచ్చకపోయినా జుజోల్‌ను గుర్తు చేసుకుని ఊరుకోండి.

పళ్లేన్ని తడిగుడ్డతో తుడవండి. అడ్హెసివ్‌ను నీళ్లతో గారెల పిండిలా గట్టిగా కలపండి. కొద్దికొద్దిగా రాసుకుంటూ ఒక్కో ముక్కను నొక్కి అతికించండి. ముక్కల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలండి. సిమెంటు చర్మాన్ని తినేస్తుంది కాబట్టి పిల్లలకూ తొడుగులు వేయండి. ఒక రోజు ఆరనిచ్చి, సందుల్లో గ్రౌట్ నింపి, పావుగంట తర్వాత తడి స్పాంజితో పైన అంటినదాన్ని తుడిచేయండి. మూడు రోజులు తడి గోనెసంచి కప్పి ఉంచండి. తర్వాత వారం పాటు రోజూ నీళ్లు నింపి పారబోయండి. సిమెంటు ఘాటు పోయాకే పిట్టలకు పెట్టాలి.

నిండు టైల్ నున్నగా జారుతుంది. ముక్కల మధ్య గరుకు సందులే పిట్టకు కాలు ఆనే పట్టు ఇస్తాయి. మధ్యలో ఒక చదునైన రాయి కూడా పెడితే చిన్న పిట్టలు దాని మీద వాలతాయి. తొట్టిని నీడలో, పిల్లి పొంచి ఉండే పొదలకు దూరంగా పెట్టండి. నీళ్లు రోజూ మార్చాలి. వారం నిలవ ఉంటే దోమలు పుడతాయి. రెండు రోజులకోసారి సబ్బు లేకుండా బ్రష్‌తో రుద్దితే చాలు. ఈ డ్యూటీ పిల్లలకే అప్పగించండి.

మొదటి రోజే పిట్టలు రాకపోవచ్చు. కొత్త వస్తువంటే వాటికి భయం. వారం పదిరోజులు పట్టినా ఆశ్చర్యపోవద్దు. ఆ రోజుల్లో మీ పాపో బాబో కిటికీ దగ్గర కదలకుండా కూర్చుని చూస్తుంటే, టైం వేస్ట్ అవుతోందని పిలవకండి. రియుదోమ్స్‌లో కాళ్లు నొప్పులతో కూర్చున్న పిల్లవాడు చేసింది కూడా అదే పని.

ఇంట్లో ఈసారి కప్పు పగిలినప్పుడు చీపురు తెచ్చేముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ ముక్కల రంగు బాగుందేమో చూడండి.